తొమ్మిదో బరకం

మొన్న మంగళవారం మధ్యాహ్నం, భోజనం చేసి కాస్త నడుం వాల్చబోతున్న వేళకి, ఏలూరులో మా ఇంటి మెట్లెక్కి ఒక అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో చిత్రకళ మీద పరిశోధన చేస్తోందట, మా చిన్నమావయ్య బొమ్మల మీదే తన సిద్ధాంత గ్రంథమట. చెప్పులు గుమ్మం బయట విడిచి, మంచినీళ్ళు తాగి, కుశలప్రశ్నలయ్యాక ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటూ, చివరికి ఆ బొమ్మలో ఒక మూలనున్న నాలుగు వడ్లగింజలు తెర నిండా కనిపించేదాకా తెచ్చి, ఎంతో వినయంగా అడిగింది: "ఈ గింజల్ని ఆయన ఏ జిగురుతో అతికించారండీ? ఇన్నేళ్ళయినా ఒక్కటీ ఊడలేదు."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు, పెన్ను మూత తీసి నా సమాధానం కోసం కూర్చుంది. కాఫీ కలిపి తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ అమ్మాయి రాసినదేమిటంటే, తెలుగునాట నూనెరంగుల్లోకి ధాన్యాన్ని తెచ్చిన మొదటి ఆధునిక చిత్రకారుడు మా మావయ్యే అనీ, తరవాత వచ్చిన కుర్ర చిత్రకారులు ఊకా, ఇసకా, చేపలవల ముక్కలూ అంటించి బొమ్మలు వేయడానికి దారి చూపించింది ఈ ఒక్క బొమ్మే అనీ. అది ఇప్పుడు హైదరాబాదులో ఒక పెద్దమనిషి దగ్గరుంది. ఆదివారం మా ఊళ్ళో ఒక కాలేజీ హాల్లో మావయ్య బొమ్మలు పెడుతున్నారు, దాన్నీ తెప్పిస్తున్నారు, దాని ముందు నిలబడి నేను పది నిమిషాలు మాట్లాడాలి. అదీ ఆమె వచ్చిన పని.

ఆ బొమ్మ గురించి మా ఇంట్లో ఒక కథ ఉంది. పెళ్ళి భోజనాల్లో, విస్తళ్ళ ముందు పెరుగు వడ్డించేలోగా ఎవరో ఒకరు ఎత్తుకునే నవ్వు కథ. అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది నేనే. అయితే అందులో ఒక ముక్క యాభై మూడేళ్ళుగా నేను ఎవరికీ చెప్పలేదు. జిగురు సంగతి అబద్ధం సరే, మా నవ్వు కథ కూడా పూర్తి నిజం కాదు. నలుగురిలో నిలబడి ఏది చెప్పాలన్నదే వారమంతా నాకు పట్టుకున్న బెంగ. సహజంగా నేను బెంగపడే మనిషిని కాను. ముప్ఫయ్యొక్క ఏళ్ళు తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా ఉండి, డ్రాయింగు పీరియడు లెక్కల మేష్టారికి ఇచ్చేయమన్న హెడ్మిస్ట్రెస్సుల్ని నలుగుర్ని సాగనంపినదాన్ని. అలాంటిదాన్ని, పొంగిన పాలు పొయ్యి మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

మా అమ్మమ్మగారి ఊరు కైకలూరుకి అవతల, కొల్లేటి అంచున. మా నాన్న తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. మా అమ్మకి వరసగా కాన్పులు కావటంతో పెద్దదాన్నైన నన్ను అమ్మమ్మ తన దగ్గరే ఉంచేసుకుంది. పెద్దమావయ్య తాతయ్యతో పాటు వ్యవసాయం చూసుకునేవాడు. చిన్నమావయ్య అమ్మమ్మ కడగొట్టు బిడ్డ. పలక మీద అక్షరాలకంటే కొంగలు ఎక్కువ గీస్తున్నాడని చెప్పి, పెద్దయ్యాక మద్రాసులో బొమ్మల బడికి పంపారు. ఆరేళ్ళకి తిరిగొచ్చాడని ఊరంతా సంతోషించింది. పోయిన పెద్దల ఫొటోలు చూసి నిలువెత్తు బొమ్మలు వేసిపెడతాడనీ, పెళ్ళిపందిళ్ళకి దేవుళ్ళని గీస్తాడనీ ఎవరి ఆశలు వాళ్ళకుండేవి.

మావయ్య కొల్లేరు వేశాడు. అడుగున వెడల్పుగా ఒక బురదరంగు పట్టీ, దాని మీద సన్నగా ఒక తెల్ల పట్టీ, ఆ పైన బూడిదరంగు, అంతే. మధ్యలో నిలువుగా ఒక గీత ఉంటే అది దోనె మీద గడ వేస్తున్న మనిషి అనుకోవాలి. మా వైపు వాళ్ళు మర్యాదస్థులు, ఎదుటివాణ్ణి నొప్పించే మాట అనరు; వచ్చి చూసి, "ఇంకా పూర్తి కాలేదాండీ?" అని అడిగి వెళ్ళేవారు. తాతయ్య మాత్రం చాలాసేపు చూసి, నీళ్ళున్నాయి సరే, చేపలేవిరా అన్నాడు. ఒక మోతుబరి తన తండ్రి బొమ్మ వేయించుకుంటే ముఖంలో సగం పచ్చగా, సగం ఇటికరంగులో వేసి ఇచ్చాడు. ఆయన దాన్ని ధాన్యపు కొట్టులో గోడవైపు తిప్పి పెట్టాడు. ఆ మోతుబరి మనవలు ఇప్పుడు దాన్ని ముందుగదిలో, అద్దం వేయించి, ప్రత్యేకంగా ఒక లైటు పెట్టి మరీ చూపిస్తున్నారు. ముత్తాతని కాదు, బొమ్మని చూపిస్తున్నారు.

బొమ్మలు కూడు పెట్టకపోయినా మావయ్య ఊరికే కూర్చోలేదు. ఏలూరు తివాచీ నేతవాళ్ళకి డిజైన్లు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడికి ఒక్కో రంగు నింపాలి, ఒక గడి అంటే మగ్గం మీద ఒక ముడి. వారానికోసారి బస్సులో వెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. గళ్ళు నింపడానికి నన్నూ కూర్చోబెట్టేవాడు, అలా మొదలైంది నా చదువు. పోయిన ఏడాది ఒక తివాచీల కొట్టు ముందు నించి ఆటోలో పోతూ, బురదరంగు, తెలుపు, బూడిదరంగు మూడు పట్టీల తివాచీ వేలాడుతుంటే చూసి ఆటో ఆపించాను. కొట్లో ఉన్నతన్ని అడిగితే, అది నీళ్ళ డిజైనండీ, పాతకాలం నించీ ఉంది, ఎవరు గీశారో మాకు తెలియదు అన్నాడు. నేనూ చెప్పలేదు. పేరు లేకుండా అంతకాలం బతకడం కూడా ఒక గొప్పే అనిపించింది.

నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం గీత కాదు, రంగూ కాదు. ఒకరోజు తెల్లవారుతూనే దోనెలో కూర్చోబెట్టుకుని కొల్లేట్లోకి తీసుకెళ్ళి, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయని అడిగాడు. నీలం అన్నాను. చూసి చెప్పమన్నాడు. చూశాను. ఒకచోట వంకాయ తొక్క రంగు, గూడకొంగలు దిగినచోట మజ్జిగ రంగు, తూటికాడ కింద నల్లటి ఆకుపచ్చ, నీలమన్నది ఎక్కడా లేదు. చూడకముందే పేరు పెట్టేస్తే ఇక చూడటం మానేస్తామమ్మాయ్ అన్నాడు. ఆ ఒక్క మాట పెట్టుబడితో నేను ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఉద్యోగం చేశాను. కాకిని ఉత్త నలుపుతో నింపి తెచ్చిన పిల్లని కిటికీ దగ్గరికి పంపి, కాకిని చూసి వచ్చి మళ్ళీ వేయమనేదాన్ని. నా దగ్గర చదువుకున్న వాళ్ళలో చిత్రకారులైంది ఇద్దరో ముగ్గురో, కాని కాకి మెడలో ఊదారంగు ఉంటుందని తెలిసిన ఆడవాళ్ళు ఈ రెండు జిల్లాల్లో కొన్ని వందలమంది ఉన్నారు. అది మా మావయ్య ప్రభావం కాక మరేమిటి.

ఇక బరకాల సంగతికి వస్తాను. నా ఈడువాళ్ళకి బరకమంటే చెప్పక్కర్లేదు. మైనం పట్టించిన దళసరి గుడ్డ, వానొస్తే కళ్ళంలో ధాన్యపురాశి మీద కప్పడానికి ప్రతి రైతు ఇంట్లోనూ ఉండేది. బొమ్మలకి కావలసిన గుడ్డ మద్రాసు నించి తెప్పించుకోవలసి వచ్చేది, అది మా మావయ్య తాహతుకి మించిన పని. అందుకని అమ్మమ్మని బతిమాలి, ఇంట్లో వాడి పక్కన పడేసిన పాత బరకాలు అడిగి తీసుకున్నాడు. వడ్లు ఉడకబెట్టే పెద్ద బానలో చాకలిసోడా వేసి వాటిని ఉడికించి, మైనం పోగొట్టి, జిగురూ సుద్దా కలిపి పూసి, కర్రచట్రాలకి బిగించకుండా అలాగే గోడకి వేలాడదీసి వాటిమీద రంగులు వేసేవాడు. అమ్మమ్మ ఇచ్చేటప్పుడు ఒక్క మాటే అంది: "ఇస్తున్నాను గాని, అవసరమొస్తే నా బరకాలు నాకిచ్చెయ్యాలి." అందరం నవ్వాం. మావయ్య కూడా అలాగేనమ్మా అని నవ్వాడు.

నా పదిహేనో ఏట, మావయ్యకి ముప్ఫై నాలుగు నిండాక, మద్రాసు నించి పాత గురువుగారు ఉత్తరం రాశారు. అక్కడ ఒక హాలు దొరికింది, వేరెవరివీ కలపకుండా ఉత్త నీ బొమ్మలతోనే పదిరోజులు ప్రదర్శన పెడదాం, తొమ్మిది బొమ్మలు తీసుకురా అని. ఆ ఉత్తరం విలువ తెలియాలంటే ఇంకో సంగతి తెలియాలి. పెళ్ళి చేసుకోకుండా, ఫలానా పని అని చెప్పుకునే పని లేకుండా తిరుగుతున్న కొడుకుని చూసి చూసి, తాతయ్య ఆ ఏడు ఒక గడువు పెట్టాడు. సంక్రాంతి దాటేలోపు ఈ బొమ్మల్తో ఏదైనా దారి కనపడితే సరే, లేకపోతే తాడేపల్లిగూడెం మిల్లులో గుమాస్తాగా చేరాలి. మా నాన్న అక్కడ మాట్లాడి సిద్ధంగా ఉంచాడు కూడా. కనక మద్రాసు వెళ్ళడమా, మిల్లుకి వెళ్ళడమా అన్నది ఆ తొమ్మిది బరకాల మీద ఆధారపడి ఉంది.

ఎనిమిది బొమ్మలు పూర్తయి ఆరిపోయాయి. తొమ్మిదోది అన్నిటికంటే పెద్దది, రెండు బరకాలు కలిపి వల అల్లే దారంతో కుట్టించినది. అది బానలో పట్టక, వేడినీళ్ళు పోసి కత్తితో గీకి ఒకవైపు మాత్రమే మైనం తీశాడు. వెనకవైపు మైనం అలాగే ఉండిపోయింది. దాని మీద తెల్లవారుతున్న కొల్లేటిని వేశాడు, గట్టిగా చిక్కగా రంగు పెట్టి, ఆరడానికి ఇంకో పదిరోజులు పట్టేలా. నేను ఇప్పటికీ నమ్మకంగా చెబుతాను, ఆయన చేతిలోంచి అంత మంచి బొమ్మ అంతకుముందు రాలేదు, ఆ తరవాతా రాలేదు. ఆ గదికి తాళం వేసి తాళంచెవి నాకిచ్చేవాడు. ఇంకెవరికిచ్చినా బొమ్మల మీద ఉల్లిపాయలు ఆరబోస్తారని ఆయన భయం, అది ఒకసారి జరిగింది కూడా.

మార్గశిర మాసం. బొమ్మలు సర్దడానికి చెక్కపెట్టెలు చేయించాలని మావయ్య ఏలూరు వెళ్ళాడు. తాతయ్యా పెద్దమావయ్యా దూరపు పొలంలో నూర్పు జరుగుతుంటే ఇంట్లో ఉన్న కొత్త బరకాలు రెండూ తీసుకుని అక్కడికి వెళ్ళారు. ఇంటి వెనక కళ్ళంలో ముందురోజే నూర్చి తూర్పారబట్టిన రాశి ఉంది. పొద్దున ఎండగానే ఉంది. మధ్యాహ్నానికి ఈశాన్యపు గాలి తిరిగింది, కొల్లేటి మీద నించి మబ్బు కొట్టుకొస్తూ తాటిచెట్ల తలలు ఒక్కొక్కటే కప్పేస్తోంది. మా వైపు పుట్టిన వాళ్ళకి ఆ మబ్బంటే ఏమిటో తెలుసు. ఒక వానతో పోదు, రెండు మూడు రోజులు పట్టుకుంటుంది, తడిసిన వడ్లు రాశిలోనే వేడెక్కి మొలకలెత్తుతాయి. మేమూ, నూర్పుకొచ్చిన పదకొండుమంది ఆడకూలీలూ గడ్డి తెచ్చి కప్పుతున్నాం, గాలి ఎగరగొట్టేస్తోంది. అప్పుడు అమ్మమ్మ నావైపు తిరిగి, "ఏవే, నీ మావయ్య గదిలో బరకాలు తియ్యి" అంది.

బొమ్మలు అనలేదు, బరకాలు అంది. అందులో చులకన లేదు. ఆవిడ కంటికి అవి ఎప్పుడూ బరకాలే, కొడుకు సరదా పడ్డాడని కొన్నాళ్ళు ఇచ్చింది, ఇప్పుడు అవసరమొచ్చింది. తాళంచెవి నా లంగా ముడిలో ఉంది. నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, నాకైతే చాలాసేపనే జ్ఞాపకం. ఆ రాశిలో మా ఇంటి ఏడాది తిండి ఉంది, వచ్చే ఏటి విత్తనముంది, అన్నిటికంటే నాతోపాటు గడ్డి మోస్తున్న పదకొండుమందికి కొలవాల్సిన కూలి వడ్లు అందులోనే ఉన్నాయి. వాళ్ళు నా ముఖం చూడటం లేదు, ఆకాశాన్ని చూస్తున్నారు. నేను వెళ్ళి తాళం తీశాను.

ఎనిమిదీ నేనే ఒక్కొక్కటి గోడమీంచి దింపి ఇచ్చాను. నూనెరంగు మీద నీళ్ళు నిలవవని మావయ్యే నాకు నేర్పాడు కనక, రంగున్న వైపు పైకి పెట్టి పరవమని కూడా నేనే చెప్పాను. వాటి అంచుల మీద ఇటికలు పెట్టారు, బురదకాళ్ళతో తొక్కారు, గాలికి లేవకుండా ఒక ముసలమ్మ ఏకంగా ఒక బొమ్మ మీద ఎక్కి కూర్చుంది. తొమ్మిదోదాన్ని మాత్రం ముట్టుకోకుండా మళ్ళీ తాళం వేసి వచ్చాను. రాశికి పడమటి పక్క ఇంకా ఖాళీగానే ఉంది. చినుకులు మొదలయ్యాయి.

సరిగ్గా ఆ వానలో, కైకలూరులో బస్సు దిగి నడిచొస్తూ మావయ్య కళ్ళం గట్టు మీద కనిపించాడు. రాశిని చూశాడు, దాని మీద పరిచిన తన ఎనిమిదేళ్ళ పనిని చూశాడు, ఖాళీగా ఉన్న పక్కని చూశాడు. నా దగ్గరికి వచ్చి, "తాళంచెవి ఏదమ్మాయ్?" అన్నాడు. ఇచ్చాను. ఆ ఒక్కదాన్నైనా కాపాడుకోవడానికి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడనుకున్నాను. కొంచెంసేపటికి పాలేరుతో కలిసి ఆ పెద్ద బరకాన్ని రెండువైపులా పట్టుకుని బయటికొచ్చాడు. రాశి దగ్గరికొచ్చాక ఒక్క క్షణం ఆగి, దాన్ని తిరగేశాడు. మైనం వెనకవైపే ఉంది, అది పైకుంటేనే నీళ్ళు నిలవవు. పచ్చిరంగు వడ్ల మీదికి వెళ్ళేలా బోర్లించి, అంచులు లాగి సర్ది, తన చేత్తోనే ఇటికలు పెట్టాడు.

మూడోరోజు తెరిపిచ్చింది. రాశిలో దోసెడు వడ్లు కూడా తడవలేదు. ఎనిమిది బొమ్మల్లో అయిదు చిరిగీ, రంగు పెచ్చులూడీ పోయాయి, మూడు గాయాలతో మిగిలాయి. తొమ్మిదోదాన్ని ఎత్తితే నిండా గింజలు, రంగులో కూరుకుపోయి. ఆడవాళ్ళు గోళ్ళతో ఏరబోతుంటే మావయ్య వద్దండీ, వదిలెయ్యండి అన్నాడు. ఊళ్ళో అందరూ వచ్చి మెచ్చుకున్నారు, ఇన్నాళ్ళకి నీ బొమ్మలు ఒక పనికొచ్చాయని. అవునండీ అని మావయ్య కూడా నవ్వాడు. మా ఇంటి కథ ఇక్కడితో అయిపోతుంది, అందరూ నవ్వుతారు, పెరుగొస్తుంది.

నేను చెప్పని ముక్క, కప్పిన రోజు సాయంత్రానిది. వాన హోరున పడుతోంది. కాఫీ ఇచ్చి రమ్మని అమ్మమ్మ పంపితే వెతుక్కుంటూ పశువులపాకలోకి వెళ్ళాను. మావయ్య గడ్డిమోపు మీద కూర్చుని, రంగంటిన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఏడుస్తున్నాడు. మగవాళ్ళు ఏడవటం నేనంతకుముందు చూడలేదు. నన్ను చూసి కూడా ఆపుకోలేదు. నేను తలుపు తీసి తప్పు చేశానా మావయ్యా అని అడిగాను. "నీ తప్పేం లేదమ్మాయ్" అని, చేతుల మీది రంగు చూసుకుంటూ, "పదకొండుమంది కూలి తడిసిపోతుంటే బొమ్మ దాచుకున్నవాడని అనిపించుకోలేను కదా. ఎవరూ లేకుండా ఉంటే దాచుకునేవాణ్ణే" అన్నాడు. కాఫీ చల్లారిపోయింది, పట్టుకొచ్చేశాను. తాగేశాడని అమ్మమ్మతో చెప్పాను. అది మొదటి అబద్ధం, తక్కినవి దాని వెనకే వచ్చాయి.

మద్రాసుకి ఏమని రాశాడో నాకు తెలియదు. సంక్రాంతి దాటగానే తాడేపల్లిగూడెం మిల్లులో చేరాడు, పదకొండేళ్ళు పనిచేశాడు. అప్పటికి నేనూ అమ్మానాన్నల దగ్గరికి వచ్చి డ్రాయింగు పరీక్షలకి చదువుతున్నాను. రైలుకట్ట పక్కన గదిలో ఉంటూ మావయ్య ఆదివారాలు మాత్రం బొమ్మలు వేసేవాడు, మిగతా ఆరురోజులూ మిల్లులో బస్తాలు. తొమ్మిదో బరకం పట్టేంత గోడ గదిలో లేక, మిల్లు ఆఫీసులో వేలాడదీశారు. ధాన్యం అమ్మకానికొచ్చిన వ్యాపారులు అలవాటుకొద్దీ ఆ గింజల్ని కూడా గోటితో గిల్లబోయేవారు. అక్కడే, మావయ్యకి నలభై అయిదు నిండాక, మిల్లు యజమానిని చూడవచ్చిన ఒక హైదరాబాదు పెద్దమనిషి దాన్ని చూసి ఆగిపోయాడు. తరవాత ప్రదర్శనలు, పత్రికలు, శాలువాలు అన్నీ వచ్చాయి. గింజల గురించి ఎవరడిగినా మావయ్య నవ్వి మాట మార్చేవాడు. అందరూ అడుగుతున్నారని ఒకటి రెండు బొమ్మల్లో కావాలని గింజలు అద్దాడు గాని, అవి బాగోలేవు. నాకు నచ్చలేదని మొహం మీదే చెప్పాను. నాకూ నచ్చలేదే అన్నాడు. ఆయన పోయి ఇరవయ్యేళ్ళు కావస్తోంది.

ఆదివారం హాలు మెట్లెక్కేదాకా నేను ఏమీ తేల్చుకోలేదు. నవ్వు కథ చెబితే ఆయన గొప్పా తగ్గదు, ఆ పిల్ల పుస్తకానికి కాస్త సరదా కూడా వస్తుంది. ఆయన ఏడుపు నలుగురి ముందు పెట్టడానికి నాకేం హక్కుందని కూడా అనిపించింది. లోపల, మంచి దీపాల కింద, ఆ బొమ్మని చాలా ఏళ్ళ తరవాత దగ్గరగా చూశాను. పై అంచున రంగులో నాలుగు వేళ్ళ జాడలు, కిందికి జారి, సాగి ఉన్నాయి. మిల్లులో ఆ అంచు మేకుల కింద మడతలో ఉండేది, ఇప్పుడు విప్పి పెట్టారు. వానలో బరువుగా ఉన్న బరకాన్ని తిరగేస్తూ ఆయన పట్టుకున్న చోటు అది. గట్టిగా పట్టుకున్నాడు. వదలడానికి మనసొప్పని మనిషి పట్టు అది. పక్కన గోడకంటించిన కార్డులో ఆ జాడల్ని కూడా చిత్రకారుడు ఉద్దేశపూర్వకంగా చేసిన ప్రయోగమని రాశారు. అది చదివాక నాకు కోపం వచ్చింది, కోపంతో పాటు ధైర్యం కూడా వచ్చింది.

అంతా చెప్పాను. జిగురు లేదని, వానొచ్చిందని, తాళం తీసింది నేనని, పశువులపాకలో ఆయన అన్న మాటతో సహా. పదకొండేళ్ళ ఆదివారాల గురించీ చెప్పాను. ముందువరసలో పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయి పెన్ను ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తోంది, పాపం, ఎన్ని పేజీలు కొట్టేసుకోవాలో. చివర్లో కాలేజీ పిల్ల ఒకతె లేచి అడిగింది: "ఏవండీ, అలాంటి వాన మళ్ళీ వస్తే మీరేం చేస్తారండీ?"

ఆలోచించుకోవాల్సిన పని లేకపోయింది. "ఆ ఎనిమిదీ మళ్ళీ కప్పుతానమ్మా. తొమ్మిదోదానికి తాళంచెవి మాత్రం ఆయనకివ్వను" అన్నాను. ఆనాడు తాళంచెవిని అడిగినవాడి చేతిలో పెట్టేశాను, పోగొట్టానని ఒక అబద్ధమాడి ఉంటే పోయేది. ఆ సాయంత్రం కాఫీ గురించి ఆడగలిగినదాన్ని, మధ్యాహ్నం అది ఆడలేకపోయాను. ఇన్నేళ్ళూ నన్ను తినేసింది తలుపు తీయడం కాదు, అదీ సంగతి.

అందరూ వెళ్ళిపోతుంటే కైకలూరు వైపు నించి వచ్చిన ఒక పెద్దాయన, చెరువులూ రొయ్యలూ ఉన్నాయన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని బొమ్మకి చాలా దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు. నీళ్ళూ తెల్లవారడమూ ఆయన చూడటం లేదు, గింజల్నే చూస్తున్నాడు. కొసన చిన్న మీసం, కొంచెం ఎరుపు తిరిగిన పొట్టు. "ఇవి మా నాన్నగారి కాలం వడ్లండీ. నీళ్ళలో మనిషెత్తు లేచేవి. చూసి నలభై ఏళ్ళు దాటిందండీ" అన్నాడు. ఆ పేరు ఆయనకీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు. అమ్మమ్మ వాటిని మన వడ్లు అనేది, అంతే.

మా కళ్ళం ఉన్నచోట ఇప్పుడు చేపల చెరువు. వరి మిగిలిన చోట మిషను కోస్తుంది, లారీ పట్టుకుపోతుంది, ధాన్యం నేలని తాకే పనే లేదు. మబ్బు పట్టినా ఎవరూ పరుగెత్తరు, బొమ్మలు వేసుకునే పిల్లలు కావలసిన గుడ్డ ఫోనులో తెప్పించుకుంటున్నారు, ఇది ఉంచుకుంటావా అది ఉంచుకుంటావా అని వాళ్ళనెవరూ నిలదీయరు. మంచిదే, ఇంకెవరికీ ఆ కష్టం రాకూడదనే నేనూ కోరుకుంటాను. కాని ఆ పెద్దాయన వెళ్ళిపోయాక నాకొక్కటే అనిపించింది. ఆ విత్తనం ఏ రైతు గాదెలోనూ లేదు, ఏ మిల్లులోనూ లేదు, చూడాలంటే ఆ బొమ్మ దగ్గరికే వెళ్ళాలి. మొలకెత్తిపోతాయని భయపడి మేం కప్పిన గింజలు అవి, ఇంకెన్ని వానలు కురిసినా మొలకెత్తవు.